వరస

గ్రీమ్స్‌పేట ల్యాబులో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడదు,
ఇటుకరాయి అడ్డం పెడతాం.
లోపల ముప్ఫై ఎనిమిది శాంపిళ్లు,
ఒక్కోదానికీ దారం, లక్క ముద్ర, సాక్షి సంతకం.
బయట జూన్ నెల గ్రాంటు కాగితం,
ఒక్క రకం పరీక్షకు సరిపోతుంది.
రెండోది అక్టోబరులో చూద్దామన్నారు.

"మామిడికాయ పెట్టు ముందర," అన్నాడు ఏకాంబరం సారు.
మండీలో బుట్టల అడుగున కార్బైడు పొట్లాలు
పేపర్లో పడ్డాయి, రంగుల్లో.
పైనుంచి రెండుసార్లు ఫోను.
ఫోను మోగితే చాలు,
ఏ విషమైనా పెద్దదైపోతుంది.

పెనుమూరు దారిలో ఏ గానుగదో, బెల్లం అచ్చు ఒకటి.
పెళ్లిచూపులకు పౌడరు పూసుకున్నట్టు తెల్లగా ఉంది.
పలమనేరు వైపు పాలు: పొద్దున ఆవు పొదుగువాపుకు సూది,
సాయంత్రం అవే పాలు క్యానులో.
మందు కొట్టిన మూడోనాడే కోసిన టమాటాలు.
అన్నింటి వెనకా అట్టపెట్టెలో
ఇరాళ దగ్గర బడి నుంచి
చెంగల్రాయులు తెచ్చిన చెనిక్కాయ చిక్కీ.
"ఎవురూ అడగలా మేడం.
ఊరికే, చేతికి మెత్తగా తగిలితే తెచ్చినా."

పాత క్యాలెండరు వెనక గళ్లు గీశాను.
ఎంత చెరుపు, ఎంతమంది తింటారు,
ఏడాదిలో ఎన్ని దినాలు, తినేవాళ్ల బరువెంత.
మామిడి రెండు నెలలు. చిక్కీ వారానికి మూడుసార్లు,
తినేది ఇరవై కిలోల మనుషులు.
గుణించాను. మళ్లీ గుణించాను.
రెండుసార్లూ రెండు లెక్కలు వచ్చాయి.
మొదటి గడిలో నేను వేసిన అంకె
నేను వేసిందే కదా.

ఈ బూజు విషం వేయిస్తే పోదు,
పాకంలో ఉడికినా పోదు.
ఇవాళ తింటే ఇవాళ ఏమీ కాదు.
అందుకే దీనిమీద అర్జీ రాదు.
ఇరవై ఏళ్ల తర్వాత కాలేయం రాసే అర్జీని
ఏ ఆఫీసు టపాలో తీసుకుంటారు?

ఒక ఏడు కోత దినాల్లో వాన పట్టింది.
కుప్పలు తడిసి ఆవిరి కక్కాయి.
రాత్రుళ్లు బుడ్డిదీపం కింద మా అవ్వ మునెమ్మా నేనూ
గింజలు ఏరేవాళ్లం.
విత్తనానికి ఒక చేట, ఇంటికి ఒక చేట.
ముడుచుకున్నవి, పచ్చగా బూజెక్కినవి మూడో చేట.
చేదుగింజ నోట్లో పడితే
"ఊసెయ్ మే, ఊసెయ్!" అని వీపు మీద చరిచేది.

మూడో చేట పారబోయలేదు.
చిత్తూరు నుంచి సైకిలు మీద ఒకాయన వచ్చి
సగం ధరకు కొలుచుకొని పోయేవాడు.
ఉండలు కట్టే పని ఆయనది.
మళ్లీ వచ్చినప్పుడు నాకు కాగితంలో చుట్టి
రెండు ఉండలు తెచ్చేవాడు.
తియ్యగా ఉండేవి.
అవ్వ చూస్తా ఉండేది,
ఊసెయ్ అనలేదు.

ఇది ఏ గడిలో రాయాలి?

రిజిస్టరులో ఒకటో నంబరు చిక్కీకి రాశాను.
సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"పైవాళ్లకేం చెప్పేది?"
"మామిడి రెండోది అని చెప్పండి."
"నువ్వే చెప్పు," అని ఫోను నా వైపు జరిపాడు.
చెప్పాను. అవతల చాలాసేపు ఏ మాటా లేదు.
తర్వాత నా పేరు, ఇంటిపేరుతో సహా, రాసుకున్నారు.

తప్పయితే?
ఈ ముప్ఫై ఎనిమిదిలో రేపు ఎవరినైనా పడేసేది
బెల్లమో టమాటానో అయితే?
ఆ మాట రాసుకోవడానికి గడి గీయలేదు.

సాయంత్రం ఇటుకరాయి సరిచేసి బయటికొచ్చాను.
మలుపులో దామోదరం అంగట్లో టీ అడిగాను.
పాలు పొంగుతున్నాయి.
నా వరసలో మూడోది.
ఊదుకొని తాగాను.